విత్తు, నేల అను మాట ఎంతవరకు నిజము?
(బాగలూరున తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన విషయము మానవ గర్భోత్పత్తి. దీనిని సభలో పలుకుటకు సంకోచించువారు కలరు. ఆ సంకోచము వలన కలిగిన అన్యాయమును నేను మా యింటనే చూచితిని. నా చిన్ననాట మా మేనత్తకు మూడవ కాన్పునందును ఆడుబిడ్డయే కలిగినది. "నేల మంచిది కాదు" అని అత్తవారు ఆమెను పుట్టినింటికి పంపివేసిరి. తప్పు తనదేయని ఆమెయు తుదివరకు నమ్మినది.

మనము సేద్యము చేయువారము. పురుషుడు విత్తు, స్త్రీ పొలము అను ఉపమానము మనకు సులభముగ మనసున నాటుకొనును. ధర్మశాస్త్రములును బీజము, క్షేత్రము అని ఈ మాటనే చెప్పినవి. కాని 1827లో ఫాన్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు కుక్క అండాశయమున అండమును సూక్ష్మదర్శినితో కనుగొనెను. పాలిచ్చు జీవులలో ఆడుదానికిని బీజము కలదని నాడు తేటపడినది. గుమ్మడితీగకు ఆడుపువ్వు, మగపువ్వు వేరువేరుగ పూయుట మీరెరిగినదే. విత్తనము పుట్టుటకు ఆ రెండును వలయును గదా! పొలముతో పోల్చుటకంటె ఆ గుమ్మడిపువ్వుతో పోల్చుట మేలు.

ఆడుబిడ్డ పుట్టునాటికే ఆమె అండాశయములందు పది లక్షల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు అండములుండును. వానిలో పక్వమై వెలువడునవి జన్మమంతటికిని నాలుగైదు వందలు మాత్రమే. ఒక రాగిగింజ వెడల్పున పది అండములను వరుసగ పేర్చవచ్చును. నెలకొకటి చొప్పున వెలువడి అండవాహికలోనికి జారును. దాని ఆయువు ఒక్క దినము. పురుషుని శుక్రకణములు కోట్లకొలది బయలుదేరినను అచటికి చేరునవి కొన్ని వందలే. అవి అయిదు దినముల వరకు జీవించి యుండగలవు. ఒక్కటి లోనికి ప్రవేశింపగనే అండపు పైపొర మారి తక్కినవానికి త్రోవ మూయును. ఈ సంయోగము జరుగు చోటు గర్భాశయము కాదు, అండవాహిక.

అప్పుడు తల్లినుండి 23, తండ్రినుండి 23 క్రోమోసోములు కూడి 46 అగును. తల్లి యిచ్చునది ఎల్లప్పుడును ఎక్స్ క్రోమోసోమే. తండ్రి శుక్రకణములలో ఇంచుమించు సగము ఎక్స్‌ను, సగము వైని మోసికొని వచ్చును. వై వచ్చిన కొడుకు, ఎక్స్ వచ్చిన కూతురు. 1905లో నెట్టీ స్టీవెన్స్ అను అమెరికా విదుషి పిండిపురుగులను పరీక్షించి ఈ మర్మమును బయటపెట్టెను. మా మేనత్త చేసిన తప్పేమి? తండ్రియు దానిని కోరి పంపజాలడు గనుక అతనిని నిందించుటయు తగదు.

ఇది ఒక్క యింటి కథయైన ఇంత చెప్పను. మనకు దవ్వు కాని సేలములో 1992లో తమిళనాడు ప్రభుత్వము ఊయల శిశు పథకమును నెలకొల్పి, వలదనుకొన్న బిడ్డలను చంపక ఊయలలో విడువుడని వేడవలసి వచ్చినది. అచటికి చేరినవారిలో ఆడుబిడ్డలే మిక్కుటము. గర్భస్థ శిశువు ఆడో మగో పరీక్షించి చెప్పుట నేరమని 1994లో చట్టమును చేయవలసి వచ్చినది.

సంతానము కలుగనప్పుడును మొదట కోడలినే వైద్యునికడకు కొనిపోవుదురు. అట్టి దంపతులలో సుమారు సగముమందియందు పురుషుని వైపునను కారణము కనబడుచున్నది. ఇద్దరును కలిసి పోవలెను.

కలిసిన కణము రెండై, నాలుగై చీలుచు, ఆరేడు దినములకు గర్భాశయపు గోడ నంటుకొనును. ఇచట నేల అను మాట కొంత పొసగును, కాదనను. అయితే ఈ నేలకు ఎరువు ముందుగనే వేయవలెను. శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడు నాళము నాలుగు వారములకే మూసికొనును. అప్పటికి తల్లికి గర్భమని తెలియకయే పోవచ్చును. అది సరిగ మూసికొనుటకు ఫోలిక్ ఆమ్లము వలయును. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే 1945లో అమెరికాయందలి లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగ తయారుచేసినది. సుబ్బారావుగారు 1948లో గతించిరి. వెన్నుపాము లోపములను ఆ విటమిను అరికట్టునని 1991లో బ్రిటను వైద్య పరిశోధన మండలివారి పరీక్షలో రుజువైనది. దినమునకు 400 మైక్రోగ్రాముల చొప్పున, గర్భము ధరించుటకు ఒక నెల ముందునుండియే పుచ్చుకొనవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున అడిగినచో వివరము చెప్పుదురు. కోడలివెంట అత్తగారును వెళ్లిన మరియు మేలు.

ఇక ప్రశ్నింపదలచినవారు, ముఖ్యముగ తల్లులు, నిస్సంకోచముగ అడుగవచ్చును.