సీసా తెమ్మని బిడ్డను పంపొద్దు

(అంబేద్కర్ జయంతి రోజున పేటలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటల పాఠం)

 

పొద్దున మనం ర్యాలీ చేశాం. బాబాసాహెబ్ విగ్రహానికి దండలేశాం. డప్పుల ముందు ఎగిరిన పిల్లల్లో నలుగురు మా బడి పిల్లలే. తొమ్మిదీ, పదీ చదివేవాళ్లు. ఒకణ్ణి దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యేస్తే నోట్లోంచి గుప్పున వాసనొచ్చింది. చొక్కా మీద అంబేద్కర్ బొమ్మ, కడుపులో క్వార్టరు మందు. అందుకని నేను రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులో పెట్టేశా. ఆ పిల్లల గురించి మాట్లాడతా. ఇంకా చెప్పాలంటే వాళ్లను కన్న మన గురించి మాట్లాడతా.

ముందు నా సంగతి చెప్తా. మా నాయన ఆసామి దగ్గర పాలేరు. పొద్దుగూకేసరికి ఇంటికొచ్చి, నా చేతిలో చిల్లర పెట్టి, "పోయి ప్యాకెట్టు పట్రారా" అనేవాడు. ఆ రోజుల్లో సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చేది. సర్కారే సరఫరా చేసేది. మంచినీళ్లు సరిగా రాని మా పేటకి సారా మాత్రం టంచనుగా వచ్చేది. ఎనిమిదేళ్ల పిల్లోణ్ణి, పరిగెత్తుకుంటూ పోయి తెచ్చేవాణ్ణి. మిగిలిన పైసలు నావే గదా! ఒకరోజు దారిలో ప్యాకెట్టు మూల కొరికి చూశా. గొంతు భగ్గుమంది. అయినా రెండోరోజూ కొరికా. నాకది నేర్పింది సినిమా కాదు, చెడు స్నేహమూ కాదు. నేనంటే ప్రాణమిచ్చే మా నాయనే తెలియకుండా నేర్పాడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి తల్లులు వాళ్లు. ఆ మాట ఊరూరా పాకింది. సారా వేలం పాటల్ని అడ్డుకున్నారు. మా అమ్మ కూడా చీపురు పట్టుకుని పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో దాన్ని ఎత్తేశారు. మా నాయన మళ్లీ మొదలుపెట్టాడు. అప్పుడు మా అమ్మ ఒకే మాటంది: "నువ్వు తాగితే తాగు. పిల్లోణ్ణి మాత్రం కొట్టుకి పంపావంటే ఊరుకోను." నాయన పంపలేదు. ఆ సాయంత్రాలు నాకు చదువుకి దొరికాయి. మా ఇంట్లో మొదటి డిగ్రీ ఆ మాట వల్లే వచ్చింది.

ఇప్పుడు మా బడి సంగతి. పోయినేడాది తొమ్మిదో తరగతి పిల్లోడు ఒకడు సోమవారం పూట బల్ల మీద తల పెట్టి లేవలేదు. వాళ్ల ఇంటికి పోయా. తండ్రి సెంట్రింగు పనికి పోతాడు. ఆదివారాలు కొడుకునీ తీసుకుపోతాడు. సాయంత్రం కూలి చేతికి రాగానే బెల్టు షాపుకి పంపేది కొడుకునే. "నాకు రెండు గుక్కలు పోసి నువ్వు పడుకోరా, ఒళ్లు నొప్పులు పోతాయి" అని మేస్త్రీలే అలవాటు చేశారట. తల్లికి తెలుసు. మొగుడికి తెలిస్తే కొడతాడని దాచింది. నేను అడిగితే ఆ తండ్రి తలొంచుకుని, "నా నోరే కంపు సారూ! నేను తాగొద్దంటే వాడు నవ్వడా?" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆ రోజు ఆయనకి చెప్పిందే ఇవాళ మీకూ చెప్తున్నా. తాగే తండ్రికి చెప్పే హక్కు పోదన్నా! చెప్పాల్సింది నువ్వే. "నేను ఇందులో పడి లేవలేకపోతున్నా, నువ్వు దిగొద్దురా" అని నీ నోటితో నువ్వు చెప్తే, మా పాఠాలకంటే అదే గట్టిగా తగులుద్ది. కాకపోతే అదే నోటితో సీసా తెమ్మంటే మాత్రం ఆ మాట చెల్లదు.

ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు. "వాళ్ల కులమే తాగుడు కులం" అంటారు. అబద్ధం. పెద్దకులాల వాళ్లు టౌనులో ఏసీ బార్లలో తాగుతారు. వాళ్ల పిల్లలూ తాగుతారు. వాళ్ల పిల్లోడు తప్పిపోతే ఆదుకోను పొలముంది, డబ్బుంది. మన పిల్లోడు పది తప్పితే మళ్లీ పాలేరుతనమే. మనకి తాగుడు ఎవరు మప్పారు? చావుకి డప్పు కొడితే కూలికి బదులు సారా పోశారు. కుప్ప నూర్చిన రాత్రి చుక్క పోసి తెల్లారేదాకా చాకిరీ చేయించుకున్నారు. ఓట్లొస్తే బిర్యానీ పొట్లం, క్వార్టరు. జెండా మోసే పిల్లోడికి పదిహేనేళ్లున్నా ఆ క్వార్టరు ఇస్తున్నారు. తెలంగాణలో 2021లో మద్యం షాపుల్లో ఎస్సీలకి 10 శాతం రిజర్వేషన్ పెట్టారు. భూమిలో వాటా అడిగితే బ్రాందీషాపులో వాటా ఇచ్చారు! ఆంధ్రలో 2019లో సర్కారే షాపులు నడిపింది, 2024లో మళ్లీ ప్రైవేటుకి ఇచ్చింది. షాపు ఎవరు నడిపినా పేట సందులోకి సీసా వస్తానే ఉంది.

కాబట్టి సర్కారుని వదలొద్దు. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నించమని సర్కారుకి చెప్తోంది. 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదని ఎక్సైజు చట్టం ఉంది. బెల్టు షాపుకి అసలు లైసెన్సే లేదు. 2015 బాలల న్యాయ చట్టం ఇంకా గట్టిది. పిల్లలకి మందు ఇస్తే 77వ సెక్షను, మందు అమ్మించడానికో మోయించడానికో పిల్లల్ని వాడుకుంటే 78వ సెక్షను. దేనికైనా ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. తండ్రుల్ని జైలుకి పంపాలని నేను ఈ మాట చెప్పట్లేదు. బెల్టు షాపు వాడి మీద అర్జీ రాసేటప్పుడు ఈ సెక్షన్లు రాయండి. రాసిపెట్టడానికి నేనున్నా. సంతకాలు మీరు పెట్టండి.

అయితే అర్జీ రేపటి పని. ఇవాళ రాత్రి ఇంట్లో మొదలుపెట్టాల్సినవి ఉన్నాయి.

ఎంత అర్జెంటైనా బిడ్డ చేతికి డబ్బులిచ్చి మందుకి పంపొద్దు. గ్లాసు కడగమనొద్దు, సోడా తెమ్మనొద్దు, పండక్కి సరదాగా ఒక గుక్క పోయొద్దు. పదిహేనేళ్లకి మెదడు ఇంకా ఎదుగుతా ఉంటుంది. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత గట్టిగా పట్టుకుంటుందని డాక్టర్లు చెప్తున్నారు.

సెలవుల్లో పనికి పోయే పిల్లోడి కూలి ఎంతొచ్చింది, ఎక్కడికి పోయింది అని అడగండి. వాడు ఎవరితో తిరుగుతున్నాడో తెలుసుకోండి. తాగొచ్చాడని తెలిస్తే ఆ రాత్రి కొట్టొద్దు. కొడితే ఇల్లొదిలి పోతాడు. పొద్దున్నే నిమ్మళంగా కూర్చోబెట్టి అడగండి. అమ్మలారా, దాచొద్దు. మీరు దాచిన ప్రతిసారీ వాడికి ఇంకో రోజు దొరుకుద్ది.

తాగుడు మానాలనుకునే అన్నలకి ఒక మాట. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకొస్తుంది, ఫిట్సు కూడా రావచ్చు. పెద్దాసుపత్రికి పోయి డాక్టర్ని కలిసి ఆపండి. 14446 నంబరుకి ఫోను చేస్తే డబ్బులేం పడవు, దారి చెప్తారు. సిగ్గుపడాల్సిందేం లేదు. అదొక జబ్బు.

ఇక సంఘం కుర్రోళ్లకి. వచ్చే ఏడు జయంతికి మందు వాసన రాకుండా ర్యాలీ చేద్దాం. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ తన జనం చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మందు ముట్టననే ప్రతిజ్ఞ ఒకటి. చావులకి డప్పు కొట్టినందుకు సారా వద్దు, కూలి డబ్బే తీసుకుందాం. కమ్యూనిటీ హాలు తాళం నాకివ్వండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలకి లెక్కలు, ఇంగ్లీషు చెప్తా. మీ బిడ్డల్ని బెల్టు షాపుకి పోయే ఆ టైములోనే నా దగ్గరికి పంపండి.

1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లు ఆరుగురు చనిపోయారు. ఆ తగాదా ఎక్కడ మొదలైంది? తాగేనీళ్ల చెరువు దగ్గర. బిడ్డలకి మంచినీళ్లు దక్కాలని మనవాళ్లు ఎదురు నిలబడ్డారు. మనం ఆ బిడ్డల చేతికే సీసా ఇచ్చి పంపుతున్నాం. ఇది ఆపుదాం. ఇవాళ పొద్దున ఆ నలుగురు పిల్లల పేర్లు నేనిక్కడ చెప్పను. వాళ్ల అమ్మానాయనలు ఈ సభలోనే ఉన్నారు. సభయ్యాక నా దగ్గరికి రండి. కూర్చుని మాట్లాడుకుందాం.

జైభీమ్!