తుపాకీ కాపలాలో పక్షులు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు, మనుమలు కొందరు బ్రిటన్‌లో స్థిరపడ్డారు. వారిని చూసి వచ్చినవారు నన్నొక ప్రశ్న అడుగుతుంటారు. "పక్షులను రక్షించాలని అక్కడ చట్టాలున్నాయి గదా, మరి దర్జాగా తుపాకులు పట్టుకుని పక్షుల వేటకు వెళ్ళడమేమిటండీ?" అని. దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

అక్కడ వేటకు తేదీల లెక్క ఉన్నది. రెడ్ గ్రౌస్ అనేది కోడి జాతికి చెందిన అడవి పక్షి. దాని వేట ఆగస్టు 12న మొదలై డిసెంబరు 10తో ముగుస్తుంది. ఉత్తర ఇంగ్లండు, స్కాట్లాండు కొండబీళ్ళలో హెదర్ అనే పొదల మధ్య అది బతుకుతుంది. భూస్వాములు జీతగాళ్ళను పెట్టి ముదురు పొదలను కొంచెం కొంచెంగా కాల్పిస్తారు. లేతచిగురు వస్తే పక్షికి మేత. నక్కలను, కాకులను అదుపులో పెట్టిస్తారు.

ఇది స్వార్థమే. కాని మేలూ జరిగింది. 2000 నుంచి 2008 వరకు ఆటర్‌బర్న్ ప్రాంతంలో చేసిన ప్రయోగంలో, నక్కలు, కాకుల వంటివాటిని అదుపు చేసిన చోట కర్లూ అనే వంకర ముక్కు పక్షి, మరికొన్ని నేలగూళ్ళ పక్షులు పిల్లలను పెంచుకోవడంలో సగటున మూడురెట్లు సఫలమయ్యాయి.

ఇక రెండో వైపు చూడండి. హెన్ హారియర్ అనే గద్దజాతి పక్షి గ్రౌస్ పిల్లలను తింటుంది. 1954 చట్టం దానికి రక్షణ ఇచ్చింది. అయినా 2013లో ఇంగ్లండు మొత్తంలో ఒక్క గూడూ ఫలించలేదు. ఉపగ్రహ పరికరాలు కట్టి పరిశీలించిన హారియర్లలో 72 శాతం చట్టవిరుద్ధంగా చంపబడ్డాయని, లేదా అలా చంపబడి ఉండే అవకాశమే చాలా ఎక్కువని 2019లో వెలువడిన అధ్యయనం తేల్చింది. నేరం జరిగేది మనుషులు తిరగని కొండల్లో. సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

ఫైళ్ళ మధ్య జీవితం గడిపిన మనకు ఇది కొత్త కాదు. ఉత్తర్వు జారీ కావడం వేరు, అమలు కావడం వేరు. అందుకే స్కాట్లాండు 2024లో చేసిన చట్టంతో గ్రౌస్ వేటకు లైసెన్సు తప్పనిసరి చేసింది. నియమం తప్పితే లైసెన్సు నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. ఇంగ్లండులోనూ కొంత మార్పు వచ్చింది. 2016లో 4 జంటలుగా లెక్కకు వచ్చిన హారియర్లు 2023 నాటికి 50 జంటలయ్యాయి.

నేను చెప్పదలచిన దొక్కటే. తనకు లాభమున్న పక్షిని వేటగాడు ఎవరూ చెప్పకుండానే కాపాడతాడు. తన లాభానికి అడ్డువచ్చిన పక్షిని కాపాడడానికే చట్టం, దానిపై నిఘా కావాలి. వేటగాళ్ళను తరిమేస్తే ఆ బీళ్ళకు కాపలా పెట్టే ఖర్చు ఎవరు భరిస్తారో ఆలోచించాలి. వారినే పూర్తిగా నమ్మి ఊరుకుంటే గద్ద మిగలదు.