లాండు సీమ: మేతబీడు అడవియైన కథ

ఫ్రాన్సు దేశమునకు నైరృతి మూలను, అట్లాంటిక్ మహాసముద్రపు టొడ్డున, లాండు అను సీమ గలదు. మన జిల్లావంటి విభాగమును ఫ్రెంచివారు డిపార్టుమెంటు అందురు. 1789 నాటి విప్లవము పిమ్మట పూర్వపు రాష్ట్రముల హద్దులను త్రోసిపుచ్చి, 1790వ సంవత్సరమున దేశమును 83 డిపార్టుమెంటులుగా విభజించిరి. వానిలో లాండు ఒకటి. లాండు అనగా తుప్పలు పెరిగిన బీడు అని యర్థము. పేరు బీడుగానే నిలిచినది. నేల మాత్రము నేడు మహారణ్యము. ఈ మార్పువలన గ్రామములు పొందిన దేమి, పోగొట్టుకొనిన దేమి యనునదే యీ ప్రసంగ విషయము.

లాండు వైశాల్యము 9,200 చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఫ్రాన్సు ప్రధాన భూభాగమున దీనికంటె పెద్ద డిపార్టుమెంటు పొరుగుననున్న జిరోండు ఒక్కటియే. అదూరు నదికి దక్షిణమున మిట్టపల్లములుగల సారవంతమైన నేల కలదు. అచ్చట మొక్కజొన్న పండింతురు, బాతులను పెంచుదురు. నదికి ఉత్తరమున నున్నదంతయు ఇసుకనేల. ఆ యిసుకక్రింద ఇనుము కలిసి గట్టిపడిన రాతిపొర యొకటి యుండును. నేల బల్లపరుపు గనుక వాననీరు ఇంకదు, పాఱదు. అందుచే పూర్వము చలికాలమున చిత్తడియు, వేసవిని ఎండమావులును, జనులకు జ్వరములును తప్పకుండెడివి.

అయినను ఆ బీడు నిరుపయోగమైనది కాదు. అది గ్రామముల యుమ్మడి మేతభూమి. గొఱ్ఱెలు అందు మేసెడివి. వాని యెరువుతోనే రైతులు చిన్నచిన్న చేలలో రై అను ధాన్యమును పండించుకొనెడివారు. కాపరులు చిత్తడిలో దిగకుండ పొడుగైన కొయ్యకాళ్లు కట్టుకొని నడచుచు, దూరముననున్న మందను కనిపెట్టుచుండెడివారు. చేత నొక పొడుగు కఱ్ఱ యుండెడిది. దానికి ఆనుకొని నిలిచి, మేజోళ్లు అల్లుకొనుచు ప్రొద్దుపుచ్చెడివారు.

18వ శతాబ్ది చివర బ్రెమోంతియే అను ఇంజనీరు సముద్రతీరపు టిసుకతిన్నెలపై సరళవృక్షములను పెంచి, ఊళ్లమీదికి నడచివచ్చు ఇసుకను నిలుపుటకు కృషి చేసెను. తరువాత శాంబ్రెలాన్ అను మరియొక ఇంజనీరు 1849వ సంవత్సరమున జిరోండులో భూమి కొని, కాలువలు త్రవ్వి నీరు తీసివేసినచో లోపలి బీడునందును ఆ చెట్లు పెరుగునని నిరూపించెను. అప్పుడు 3వ నెపోలియన్ చక్రవర్తి ప్రభుత్వము 1857 జూన్ 19వ తేదీని ఒక శాసనము చేసెను. లాండు, జిరోండులలోని గ్రామములు తమ మేతబీళ్ల నీటిని తీసి, స్వంత ఖర్చుతో చెట్లు వేయవలెను. వేయలేనిచో ప్రభుత్వమే వేసి, కలప అమ్మి తన సొమ్ము రాబట్టుకొనును.

గ్రామములకు ధన మెక్కడిది? బీడులో కొంత అమ్మిగాని తక్కినదానిలో చెట్లు వేయలేకపోయిరి. కొన్నవారు ధనికులు. జ్వరములు తగ్గెను, బాటలు పడెను, కలప పెరిగెను. అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు అంతర్యుద్ధము జరుగుటచే అచ్చటి సరుకు రాక, సరళవృక్షపు బంకకు గొప్ప ధర పలికెను. కాని మేత పోయినది, మందలు క్షీణించెను. మన గీతకాండ్రు తాటిచెట్టును గీసి కుండ కట్టినట్లు, పూర్వపు కాపరి సరళవృక్షమును గీసి, మట్టిపిడతలో బంక పట్టి, భూస్వామితో ఫలము పంచుకొను గీతకాడయ్యెను.

ఇందు పరిపాలనకు సంబంధించిన విషయ మొకటి గమనింపవలెను. ఫ్రాన్సులో గ్రామమునకు కమ్యూను అని పేరు. దాని పెద్ద మేయరు. 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలోనున్న మన యానాము ప్రాంతమువారికి ఈ మాటలు కొత్తవి కావు. 1857 నాటికి మేయరును చక్రవర్తియో, జిల్లాధికారియైన ప్రిఫెక్టో నియమించుచుండెను. అనగా ఊరి బీడు పోవుచున్నపుడు ఊరి పక్షమున మాటాడవలసినవాడు ప్రభుత్వము పెట్టినవాడే. 1884 నాటి శాసనమువలన మేయరు నెన్నుకొను హక్కు గ్రామసభ్యులకు స్థిరపడెను. 1982లో డిపార్టుమెంటు వ్యవహారములును ప్రిఫెక్టు చేతినుండి ఎన్నికైన సభాధ్యక్షుని చేతికి వచ్చెను. నేడు లాండు సభలో 30 మంది సభ్యులు. 15 నియోజక విభాగములనుండి, విభాగమున కొక స్త్రీ, ఒక పురుషుడు చొప్పున ఎన్నికగుదురు. మోం ద మార్సాన్ ముఖ్యపట్టణము; వేడినీటి బుగ్గలకు పేరొందిన దాక్స్ ఉపపరిపాలనా కేంద్రము.

2009 జనవరిలో వచ్చిన పెనుగాలికి ఈ అడవులలో సుమారు 4 కోట్ల ఘనమీటర్ల కలప నేలకూలెను. అయినను జనులు మరల చెట్లు నాటిరి. తమ బీడులో కొంత అమ్మక నిలుపుకొనిన గ్రామములు నేటికిని ఉమ్మడి అడవిపై ఆదాయము పొందుచున్నవి. అంతయు అమ్ముకొనినవానికి ఆ భాగ్యము లేదు. 1857 శాసనము దేశమునకు మేలు చేయలేదని యెవ్వరు ననజాలరు. కాని ఆ మేలునకు మూల్యము చెల్లించిన కాపరిని ఎవ్వరును సంప్రతింపలేదు. ఊరి యుమ్మడి భూమిపై నిర్ణయము జరుగు నాడు, దానిపై బ్రతుకువాడుకూడ ఆ సభలో కూర్చుండవలెను.