గంజి పొరతో సంచీ



బంగాళాదుంపలు తరిగి నీళ్లలో వేస్తే గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది, చూసే ఉంటారు. అది పిండిపదార్థం. మనం పారబోసేది చెంచాడే. చిప్స్ ఫ్యాక్టరీల్లో ముక్కలు కడిగిన నీళ్లతో బస్తాలకొద్దీ పోతుంది. అలాగే కాలవలోకి వదిలితే కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. దాన్నే వేరుచేసి పల్చటి పొరగా మార్చవచ్చు.

ఇదేం వింత కాదండీ! ఆత్రేయపురంలో పూతరేకులు చేసేవారు పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి లాగుతారు. కాగితంలాంటి రేకు వస్తుంది. కాకపోతే ముట్టుకుంటే విరుగుతుంది, తడి తగిలితే కరుగుతుంది.

విరగని పొర కావాలంటే ఇలా చేసి చూడండి. ఆ పొడి 1 పెద్ద చెంచా, నీళ్లు 4 పెద్ద చెంచాలు, గ్లిజరిన్, వెనిగర్ చెరొక చిన్న చెంచా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పండి. పళ్లెంలో పల్చగా పరిచి రెండు రోజులు ఆరనివ్వండి. వంచితే వంగుతుంది. ఆ మెత్తదనం గ్లిజరిన్‌ది.

తడి బెడద మాత్రం తీరదు. అందుకే సంచీలు చేసేవారు పిండికి వేరే పాలిమర్లు కలుపుతారు. అలాంటి సంచీల్లో చాలావాటికి కంపోస్టు కేంద్రంలో ఉండేంత వేడి కావాలి. కాలవలో పడితే అంత త్వరగా కరగవు. కాబట్టి “మట్టిలో కలిసిపోతుంది” అన్న మాట నమ్మి వీధిలో పారేయకండి. బజారుకు వెళ్లేటప్పుడు గుడ్డసంచీని మించింది లేదు.