గంగ విమానం కథ - మనం అడగాల్సిన ప్రశ్నలు

(పేటలో జరిగిన కార్యకర్తల తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

 

మన పేట మీద దాడి జరిగితే పోలీసు కాగితంలో ఏం రాస్తారో మీకు తెలుసు. 'ఇరువర్గాల ఘర్షణ' అని రాస్తారు. దెబ్బలు తిన్నదీ మనమే, ముద్దాయిలమూ మనమే. కాబట్టి సర్కారు చెప్పే కథని ఎట్లా ప్రశ్నించాలో నేర్చుకోవాలి. ఇవాళ మన ఊరిది కాని కథ ఒకటి తీసుకుంటాను. మన గాయం కాని చోట బుర్ర నిదానంగా పనిచేస్తుంది.

1971 జనవరి 30. శ్రీనగర్ నించి జమ్మూ పోయే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం. దాని పేరు గంగ. హాషిం ఖురేషీ, అష్రఫ్ ఖురేషీ అనే ఇద్దరు కశ్మీరు కుర్రాళ్ళు దాన్ని లాహోర్‌కి మళ్ళించారు. వాళ్ళ చేతిలో ఉన్నది బొమ్మ పిస్తోలు, కొయ్యతో చేసిన గ్రెనేడు. భారత జైళ్ళలో ఉన్న తమ వాళ్ళని విడిచిపెట్టాలని అడిగారు. ప్రయాణికులు క్షేమంగా ఇళ్ళకి చేరారు. ఫిబ్రవరి 2న విమానం తగలబడింది.

ఫిబ్రవరి 4న మన ప్రభుత్వం పాకిస్తాన్ విమానాలు మన నేల మీదుగా ఎగరకూడదంది. పటం గుర్తు తెచ్చుకోండి. పడమటి పాకిస్తాన్ ఒక పక్క, తూర్పు పాకిస్తాన్ ఇంకో పక్క, నడుమ మనం. ఇక ఢాకాకి విమానంలో పోవాలంటే సిలోన్ చుట్టూ తిరగాల్సిందే. మార్చి 25 రాత్రి పాక్ సైన్యం ఢాకాలో సొంత జనం మీదనే పడింది. డిసెంబరులో యుద్ధం జరిగి బంగ్లాదేశ్ విడిపోయింది.

ఇప్పుడు సర్కార్లు చెప్పిన కథలు వినండి. ఇది పాకిస్తాన్ చేయించిన పని అని ఢిల్లీ అన్నది. లాహోర్‌లో ఆ కుర్రాళ్ళు మొదట వీరులు. భుట్టో అంతటివాడు విమానాశ్రయానికి పోయి కలిశాడు. ఆకాశం దారి మూతబడ్డాక పాకిస్తాన్ విచారణ కమిషన్ వేసింది. ఇది భారత్ కుట్ర అని ఆ కమిషన్ తేల్చింది. నిన్నటి వీరులు నేటికి గూఢచారులయ్యారు! మనుషులు వాళ్ళే, చేసిన పనీ అదే. మారింది సర్కారు అవసరం. హాషిం అక్కడ ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాడు. 2000లో ఇండియాకి తిరిగొస్తే ఇక్కడా అరెస్టు చేశారు.

మన గూఢచారి సంస్థ 'రా'లో పనిచేసిన ఆర్.కె. యాదవ్ తర్వాత పుస్తకం రాశాడు. హైజాక్‌ని నడిపింది 'రా'యేనని అందులో అన్నాడు. హాషిం మాత్రం తాను భారత ఏజెంటుని కాదంటాడు.

ఇక్కడ తొందరపడొద్దు. 'లాభం ఇండియాకి కలిగింది, అంటే ఇండియానే చేయించింది' అనేస్తారు కొందరు. వాన పడితే కుమ్మరికి నష్టం, రైతుకి లాభం. అంతమాత్రాన వాన రైతు కురిపించాడా? లాభం అనేది అనుమానించడానికి కారణం అవుతుంది గానీ రుజువు కాదు. భూస్వామి గడ్డివాము కాలితే 'పగ వాళ్ళకే ఉంది' అని మన కుర్రాళ్ళని స్టేషన్‌కి ఈడ్చుకుపోయేది ఈ లెక్కతోనే కదా! మన మీద వాడితే అన్యాయమైన లెక్క, మనం వాడితే న్యాయం అయిపోదు.

మరి ఏం అడగాలి? ఎవరు చూశారు? ఎప్పుడు రాశారు? మొదట చెప్పిందానికీ తర్వాత చెప్పిందానికీ తేడా ఎందుకొచ్చింది? కాగితం ఎక్కడుంది?

2005 సమాచార హక్కు చట్టం 'రా' లాంటి సంస్థలకి మినహాయింపు ఇచ్చింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలుంటే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. కానీ మన తహసీల్దారు ఆఫీసుకి ఆ మినహాయింపు లేదు. ఫిర్యాదు చేసినవాడికి ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇచ్చి తీరాలి, అది చట్టం. అడిగి తీసుకోండి. చదువు రానివాళ్ళకి చదివి వినిపించండి. మనం చెప్పింది ఒకటి, వాళ్ళు రాసింది ఇంకొకటి అయితే ఆ రోజే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి.

గంగ కథలో రెండు సర్కార్లూ తమకి కావలసింది రాసుకున్నాయి. మన పేట కథ అట్లా కాకూడదు. తేదీ, గంట, చూసినవాళ్ళ పేర్లు మన నోటుపుస్తకంలో ముందే ఉండాలి. జై భీమ్!