ఖమ్మంలో ఆగిన టీకా



ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏర్పాటైందో ఆ డాక్టరమ్మ తన ఉద్యోగ జీవితమంతా క్యాన్సర్ వార్డులో, పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ల మధ్యనే గడిపారు. వారిలో ఎక్కువమంది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో, అదీ ముదిరిపోయాక వచ్చినవాళ్లే. వైరస్‌లు తెచ్చే క్యాన్సర్లు అనేకం ఉన్నా ఈ సాయంత్రం ఆ ఒక్కదాని గురించే మాట్లాడతాను.

కోళ్లలో ఒక కణితికి వైరస్ కారణమని శాస్త్రవేత్త పేటన్ రౌస్ 1911లోనే చూపించాడు. లోకం నమ్మి నోబెల్ ఇచ్చేసరికి 1966 వచ్చింది. గర్భాశయ ముఖద్వారం విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. అందరూ హెర్పిస్ వైరస్‌ను అనుమానిస్తున్న రోజుల్లో జర్మన్ శాస్త్రవేత్త హారల్డ్ జుర్ హౌసెన్ మాత్రం పులిపిర్లు కలిగించే హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) కుటుంబాన్నే వెతికాడు. 1983లో 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని ఆయన బృందం కణితుల్లో పట్టుకుంది. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఆ రెండే కారణం.

ఈ వైరస్ తయారుచేసే ఇ6, ఇ7 ప్రోటీన్లు కణానికి కాపలా ఉండే పి53, ఆర్‌బీ ప్రోటీన్లను పనిచేయనివ్వవు. అయినా చాలామంది ఒంట్లోంచి వైరస్ ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం తిష్ఠ వేస్తుంది. వారిలోనూ అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15, 20 ఏళ్లు పడుతుంది. ఇంత గడువిచ్చే క్యాన్సర్లు అరుదు. ఆ గడువంతా పోగొట్టుకుంటున్నాం కనుకే మన దేశంలో ఏటా లక్షా 20 వేల మందికి పైగా దీని బారిన పడుతున్నారు. 80 వేల మంది వరకు చనిపోతున్నారు.

టీకాకు దారి 1991లో ఆస్ట్రేలియాలో దొరికింది. వైరస్ పైపొర ప్రోటీన్‌ను విడిగా తయారుచేస్తే అది తనంతట తానే వైరస్ ఆకారం కడుతుందని జియాన్ జౌ, ఇయాన్ ఫ్రేజర్ చూపించారు. లోపల జన్యువు ఉండదు కనుక అది ధాన్యంలా కనబడే తాలుగింజ వంటిది, మొలకెత్తదు. జౌ 1999లో కన్నుమూశాడు. టీకా 2006లో వచ్చింది.

2009లో ఆ టీకా మన ఖమ్మం జిల్లాకు వచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, సుమారు 14 వేల మందికి, ఒక ప్రయోగాత్మక కార్యక్రమం కింద వేశారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. ఆందోళన రేగింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపించింది. ఆ మరణాలకు నీట మునగడం, పురుగుమందు వంటి కారణాలున్నాయని, టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం తేల్చింది. కానీ అదే విచారణలో మరో సంగతి బయటపడింది. తల్లిదండ్రులు సంతకం పెట్టవలసిన అంగీకార పత్రాల్లో రెండు వేలకు పైగా హాస్టల్ వార్డెన్ల సంతకాలతోనే ఉన్నాయి. తల్లిని అడగకుండా బిడ్డకు సూది వేయడం తప్పు. టీకా మంచిదైనంత మాత్రాన ఆ తప్పు మాసిపోదు. అక్కడి గిరిజన కుటుంబాలు కోప్పడడంలో అన్యాయమేమీ లేదు. అన్యాయమల్లా ఆ కోపానికి ఎవరూ ఓపికగా జవాబు చెప్పకపోవడం, ఏళ్ల తరబడి ఆ టీకా పేరెత్తడానికే జంకడం.

కేంద్రం ఇచ్చిన ఆ ఆదేశం దేశంలో వేరుగా జరుగుతున్న మరో అధ్యయనాన్నీ నిలిపివేసింది. రెండు డోసులు చాలునా, మూడు కావాలా అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేస్తున్న ఆ అధ్యయనానికి హైదరాబాద్ కూడా ఒక కేంద్రం. టీకాలు ఆగిపోయేసరికి ఐదు వేల మంది దాకా బాలికలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వారిని వదిలేయలేదు, ఏళ్లపాటు వెంట ఉండి చూశారు. 2021లో వెలువడిన పదేళ్ల ఫలితాల్లో, 16, 18 రకాల వైరస్ తిష్ఠ వేయకుండా ఆపడంలో ఒక్క డోసు 95 శాతం పనిచేసింది. రెండు, మూడు డోసులకు అది తీసిపోలేదు. 2022 డిసెంబరులో ఒక్క డోసును ప్రపంచ ఆరోగ్య సంస్థ సమ్మతించడానికి ఆధారమైన అధ్యయనాల్లో ఇదొకటి. పేద దేశాలకు ఇది ఎంత పెద్ద మేలో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఒంట్లో పాతుకున్న వైరస్‌ను టీకా తీయలేదు. తల్లులకు పరీక్షే దిక్కు. మహారాష్ట్రలోని నాటి ఉస్మానాబాద్ జిల్లాలో 30 నుంచి 59 ఏళ్ల స్త్రీలకు జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేస్తే ఈ క్యాన్సర్ మరణాలు సుమారు సగానికి తగ్గాయి. ఆ ఫలితం 2009లోనే అచ్చయింది. అయినా 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఇలాంటి పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 2 శాతానికి తక్కువ. గర్భసంచి తీయించుకున్నవారి శాతంలో మాత్రం ఆ సర్వేలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో ముందువరసలో ఉన్నాయి. తెల్లబట్ట అవుతోందని వెళ్లిన మనిషికి క్యాన్సర్ భయం చూపి కడుపు కోయడం సులువు, దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షకు పంపడం కష్టం అన్నట్టుంది మన వ్యవహారం. ఇది నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

క్యాన్సర్ ముదిరినవారికీ దారి మూసుకుపోలేదు. మన దేశమూ పాల్గొన్న ఇంటర్‌లేస్ అధ్యయనంలో కీమోతో కూడిన రేడియేషన్‌కు ముందు ఆరు వారాలు పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ ఇచ్చారు. ఐదేళ్లు బతికినవారు 72 నుంచి 80 శాతానికి పెరిగారు. రెండూ పాత మందులే, కొత్త కంపెనీ మందుల ధర లేనివే.

ఇక్కడి వైద్య విద్యార్థులకు ఒక విన్నపం. రేపు మీరు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా, టీకా వేసే ముందు ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని ఆమె భాషలో విషయమంతా చెప్పండి, ఆమె ప్రశ్నలు పూర్తిగా వినండి. బిడ్డ కోసం వచ్చిన ఆ తల్లికి 30 దాటి ఉంటే, ఆమెకు కూడా ఆ రోజే పరీక్ష చేయించి పంపండి.