ఐసు పెట్టె – ఎంపిక, వాడకం, ఒక అనుభవం

(కోకాపేటలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పోయిన వారం నన్ను పిలిచి, "కార్తీకమాసంలో గండిపేట దగ్గర వనభోజనాలు పెట్టుకుంటున్నాం. మజ్జిగ, మంచినీళ్ళు, పండ్లు చల్లగా ఉంచే బాధ్యత మీది. పనిలోపనిగా ఐసు పెట్టెల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడవలసిన వేదిక మీద ఐసు పెట్టె ఏమిటని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వినా ఫర్వాలేదు. చివరి వరకూ విన్న తర్వాత మాత్రం, ఇంటికి వెళ్ళగానే ఒకసారి మీ ఫ్రిజ్ తలుపు తీసి చూస్తారని నా నమ్మకం.

మనలో చాలామందిమి పిల్లల ఉద్యోగాల మూలంగా ఈ ప్రాంతానికి వచ్చి చేరినవాళ్ళం. 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటిందని పేపర్లో చదివి, మన మొత్తం సర్వీసు జీతం కూడితే ఎన్ని గజాలు వస్తాయో లెక్క వేసుకున్నవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. ఆ మేడల పక్కనే, 1908 మూసీ వరదల తర్వాత కట్టి 1920లో పూర్తి చేసిన ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, ఇప్పటికీ ఉంది. చెట్టు నీడన నలుగురం కూర్చుని తినడానికి అంతకంటె ఏం కావాలి? తినేది పాడవకుండా ఉంటే చాలు.

ముందుగా ఒక్క విషయం మనవి చేస్తాను. ఐసు పెట్టె చల్లదనాన్ని పుట్టించదు. బయటి వేడి లోపలికి రావడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. మన భాషలో చెప్పాలంటే, రిటైరైన రోజున చేతికి వచ్చే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము వంటిది ఐసు. కొత్తగా వచ్చేదేమీ లేదు. ఉన్నదాన్ని ఎంత పొదుపుగా వాడుకుంటే అంత కాలం వస్తుంది.

ఈ పొదుపు కొత్త విద్య కాదు. మన చిన్నతనంలో సోడా కొట్టువాడు ఐసు దిమ్మను ఊకలోనో రంపపు పొట్టులోనో పెట్టి గోనె సంచి కప్పేవాడు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు సుమారు 180 టన్నుల ఐసును ఓడలో కలకత్తాకు పంపితే, నాలుగు నెలల సముద్ర ప్రయాణం తర్వాత కూడా దాదాపు 100 టన్నులు మిగిలింది. ఆ వ్యాపారం కోసమే 1842లో మద్రాసు బీచిలో ఐస్ హౌస్ కట్టారు. 1897లో స్వామి వివేకానంద బస చేసిన భవనం అదే. ఊక అయినా, పొట్టు అయినా, ఇప్పటి థర్మోకోల్ అయినా, పఫ్ అయినా చేసే పని ఒక్కటే. చిన్న చిన్న అరల్లో గాలిని కదలకుండా బంధించి, వేడిని అడ్డుకోవడం.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి. మొదటిది గోడల మందం. వేలితో తట్టి చూడండి. డొల్లగా మోగితే రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉత్త గాలే ఉందని అర్థం. దిట్టంగా, మొద్దుగా వినిపిస్తే పఫ్ నింపారని అనుకోవచ్చు. గోడలు దిట్టంగా ఉండి మూత డొల్లగా ఉన్న పెట్టెలు కూడా ఉంటాయి కనుక మూతను కూడా తట్టాలి. రెండవది మూత బిగువు. ఒక కాగితాన్ని అంచున పెట్టి మూత వేసి లాగండి. సులువుగా జారి వస్తే ఆ సందు గుండా గాలి కూడా వస్తుంది. నాలుగు వైపులా ఇలా చూడాలి. మూడవది బరువు. పాతిక లీటర్ల పెట్టె నిండితే పాతిక కిలోలకు దగ్గరగా తూగుతుంది. డెబ్బై దాటిన మన నడుములు దాన్ని డిక్కీలోంచి దింపగలవా? ఒక పెద్ద పెట్టె కంటె రెండు చిన్న పెట్టెలు మేలు. మాటిమాటికీ తెరిచే నీళ్ళకు ఒకటి, భోజన సమయం దాకా తెరవని పదార్థాలకు ఒకటి.

అట్టపెట్టె మీద మూడు రోజులు, అయిదు రోజులు ఐసు నిలుస్తుందని రాసి ఉంటుంది. నిండా ఐసు పోసి, మూత తీయకుండా ఉంచితే వచ్చే లెక్క అది. మనవళ్ళున్న ఇంట్లో మూత తీయకుండా ఉండదు. ఒక్కరోజు విహారానికి వేలకు వేలు పోయనక్కరలేదు. మంచి మందం ఉన్న థర్మోకోల్ పెట్టె కూడా సరిపోతుంది. భీమవరం వైపు చేపలు, రొయ్యలు ఐసు వేసుకుని ఎంతెంత దూరాలకో వెళుతున్నాయి కదా.

వాడకం విషయంలో ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక కిలో ఐసు కరగడానికి పట్టే వేడి, సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో నీటిని 80 డిగ్రీల దాకా కాచడానికి పట్టే వేడితో సమానం. ఐసు బలమంతా అందులోనే ఉంది. ఇప్పుడు 32 డిగ్రీల దగ్గరున్న నాలుగు లీటర్ల నీళ్ళ సీసాలను పెట్టెలో పెట్టామనుకోండి. వాటిని 2 డిగ్రీలకు తేవడానికే కిలోన్నర ఐసు హరించుకుపోతుంది. అదే ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి తీసుకువెళితే ఆ ఐసులో చాలా భాగం మిగులుతుంది. అటక మీద వేడెక్కిన పెట్టెను కూడా ముందురోజే దింపి, రెండు చల్లటి సీసాలు లోపల పెట్టి మూత వేసి ఉంచాలి.

సగానికి తగ్గకుండా ఐసు ఉండాలి. పెద్ద దిమ్మ నెమ్మదిగా కరుగుతుంది. చిన్న ముక్కలు త్వరగా చల్లబరుస్తాయి గాని త్వరగా కరిగిపోతాయి. రెండూ కలపడం మంచిది. మంచినీళ్ళను సీసాల్లోనే గడ్డకట్టిస్తే కరిగాక తాగడానికి పనికివస్తాయి. నీరు గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది కనుక సీసా మెడ దగ్గర కొంత వెలితి ఉంచాలి. ఖాళీలు మిగిలితే పాత తువ్వాళ్ళు కుక్కండి. పెట్టెను నీడలో ఉంచి తెల్లని దుప్పటి కప్పండి. ఎండలో ఆపిన కారు డిక్కీ పొయ్యితో సమానం. బజారులో కొన్న ఐసు దిమ్మను పెట్టెలో సీసాల చుట్టూ వేయండి గాని మజ్జిగ గ్లాసులో వేయవద్దు. ఆ నీళ్ళు ఎక్కడివో మనకు తెలియదు.

పెరుగన్నం, కోసిన పండ్లు, మాంసాహారం వంటివి బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. పొగలు కక్కే పులిహోరను మాత్రం ఐసు పెట్టెలో పెట్టకండి. అది చల్లారేలోగా ఐసునంతా తినేస్తుంది. వేడివి వేరుగా, చల్లనివి వేరుగా తీసుకువెళ్ళాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

నేను వైద్య ఆరోగ్యశాఖలో గుమాస్తాగా పనిచేశాను. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం వచ్చిన తర్వాత, టీకాలు మోసే చిన్న పెట్టెల లెక్క నా రిజిస్టరులోనే ఉండేది. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడు ఆ పెట్టెలు భుజాన వేసుకుని ఆరోగ్య కార్యకర్తలు గుట్టలెక్కి, వాగులు దాటి వెళ్ళడం కళ్ళారా చూశాను. 2014 మార్చిలో మన దేశం పోలియో రహితమైనట్టు ధ్రువీకరించారంటే ఆ పుణ్యంలో ఆ పెట్టెకూ వాటా ఉంది. ఒక్కొక్క పెట్టెలో నాలుగు గోడల వెంట నాలుగు ఐసు పలకలు, మధ్యలో మందు సీసాలు. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పోలియో చుక్కలు గడ్డకట్టినా చెడిపోవు. ధనుర్వాతం టీకా గడ్డకడితే మాత్రం పనికిరాదు. అందుకే ఫ్రీజరులోంచి తీసిన పలకను వెంటనే పెట్టెలో పెట్టేవారు కాదు. పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించేదాకా ఆగేవారు. "అతి చల్లన కూడా మందుకు వేడి లాంటిదేనండీ" అని ఒక నర్సమ్మగారు నాకు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

చెవిలో ఉంది గాని సమయానికి బుర్రలోకి రాలేదు. కొన్నేళ్ళ క్రితం మే నెలలో మా అబ్బాయి కుటుంబంతో కలిసి నాగార్జునసాగర్ వెళ్ళాం. అబ్బాయి కొత్త ఐసు పెట్టె కొన్నాడు. సర్దడం నాకు అప్పగించారు. నా తెలివితేటలు చూపించాలని ఐసు మీద గుప్పెడు ఉప్పు కూడా చల్లాను. ఉప్పు వేస్తే ఐసు సున్నా కంటె దిగువకు చల్లబడుతుందని చదువుకున్నాను కదా! మా ఆవిడ ఇన్సులిన్ సీసాను భద్రంగా ఉండాలని సరిగ్గా ఆ ఐసు మధ్యలో దూర్చాను.

మధ్యాహ్నం భోజనానికి ముందు తీసి చూస్తే సీసా గడ్డకట్టి ఉంది. "ఏవండీ, ఇది రాయిలా ఉందేమిటి?" అంది ఆవిడ. "చల్లగా ఉంటే మంచిదే, కాసేపు అరచేతిలో పెట్టుకో" అన్నాను. కరిగాక అడుగున పిండి ముద్దల్లా కనిపించింది. ఊపితే కలిసిపోతుందిలే అన్నాను. మూడు రోజులపాటు అదే మందు వేసుకుంది. నాలుగో రోజు తెల్లవారుజామున విపరీతమైన దాహం, వాంతులు, మాట తడబాటు. ఆస్పత్రికి తీసుకువెళ్ళేసరికి షుగరు 480 ఉంది. రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. డాక్టరుగారు సీసాను వెలుతురుకు పట్టి చూసి, "ఇది గడ్డకట్టిందా?" అని అడిగారు. అవునన్నాను. "గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా మందు కాదండీ, పారేయాలి" అన్నారు. ఏళ్ళ తరబడి టీకాల రిజిస్టరు రాసినవాణ్ణి నేనే. ఆ ఆస్పత్రి వరండాలో కూర్చుని ఆ నర్సమ్మగారి మాట తలచుకున్నాను.

ఆవిడ ఇవాళ ఇక్కడే మూడో వరుసలో కూర్చుంది. భగవంతుని దయ. ఈ సంగతి సభలో చెప్పమన్నది కూడా ఆవిడే.

కనుక మనవి చేస్తున్నాను. ఇన్సులిన్ సీసాను గాని పెన్నును గాని ఐసుకు నేరుగా తగలనివ్వకండి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మందమైన తువ్వాలు చుట్టి, పెట్టెలో పైభాగాన, ఐసుకు ఎడంగా ఉంచండి. ఐసులో ఉప్పు వేయకండి. వాడకంలో ఉన్న సీసాకు సాధారణంగా ఐసు అవసరమే లేదు. 25, 30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. మీ మందుతో వచ్చే కాగితంలో ఎంతకాలమో చూసుకోండి. ఎండాకాలం ప్రయాణంలోనే దానికి రక్షణ కావాలి. విమానంలో పిల్లల దగ్గరకు వెళ్ళేవాళ్ళు చేతి సంచిలోనే పెట్టుకోండి, లగేజీలో వేయకండి. తెరవకముందు చల్లగా ఉంచవలసిన కంటి చుక్కలకు కూడా ఇదే జాగ్రత్త. ఇంట్లో ఫ్రిజ్‌లో కూడా పై ఫ్రీజరు గదికి ఆనుకుని మందు పెట్టవద్దు. అందుకే మొదట్లో ఫ్రిజ్ తలుపు తీసి చూడమన్నాను. ఒక్కసారి గడ్డకట్టిందని అనుమానం వచ్చినా, ఖరీదు చూసుకోకుండా పారేయండి.

వనభోజనాల రోజున మందులకు వేరుగా ఒక చిన్న పెట్టె తెస్తాను. దాని మీద "మందులు" అని పెద్ద అక్షరాలతో రాస్తాను. ఎవరి డబ్బా మీద వారి పేరు రాసి నాకు ఇవ్వండి. తీసుకునేటప్పుడు, ఇచ్చేటప్పుడు రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటాను. పాత అలవాటు, మన్నించండి. మజ్జిగ పెట్టెను పిల్లలు ఎన్నిసార్లయినా తెరవనివ్వండి. ఈ పెట్టె తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది.